ఎర్ర పట్టీ వేసిన చెట్లు

"శవానికి తల సగమే ఉంది, ఒర్మోన్ తాతా! మా గార్డు జెనిష్‌ని ఎవడో గొడ్డలితో నరికి నీ చెట్ల కింద పడేశాడు."

ఒకప్పుడు రష్యావాళ్ళు ఏలిన జలాలాబాద్ కొండల్లో అక్రోటు కాయలు దులిపే రోజులు. అడవిలో వేసుకున్న గుడారాల ముందు గుర్రం దిగుతూనే అటవీ అధికారిణి బెర్మెత్ ఊరి పెద్ద ఒర్మోన్‌ని నిలదీసింది.

"విన్నాను బిడ్డా. ముందు టీ తాగు."

"టీ ఏంటి తాతా! అక్కడ మీవాళ్ళు కదిర్‌ని గుర్రం తోకకి కడుతున్నారు!"

"కట్టనీ. చెట్ల బుడిపెలు కోసి ఖరీదైన కలపగా అమ్మి జైలుకెళ్ళొచ్చింది వాడే కదా? బుడిపె కోస్తే చెట్టు మిగులుతుందా? జెనిష్ పట్టించాడని కక్ష."

"జెనిష్ చచ్చింది నిన్న మధ్యాహ్నం. పొద్దుగూకే దాకా కదిర్ ఊళ్ళో రంపం బాగుచేయించుకుంటున్నాడు. కమ్మరి చెప్పాడు."

"కమ్మరి వాడి బావమరిది."

"అయితే మాత్రం? ఎర్మెక్! ఒరేయ్ ఎర్మెక్, తాడు వదులు!"

"వదలనక్కా. మా అన్న జెనిష్ మెదడు ఆకుల మీద పడుంటే ఈ చేతుల్తో ఎత్తాను. నువ్వు కాగితాలు రాసుకో. నేను గుర్రాన్ని తోలతాను."

"వాడి నోట్లోంచి రక్తం కారుతోంది, చూడు! పళ్ళన్నీ రాలగొట్టారు."

"ఇంకో ఆరున్నాయిలే. కొండ దిగేసరికి అవీ ఉండవు."

"కాలుస్తాను ఎర్మెక్!"

"కాల్చు. నీ తుపాకీలో ఎన్ని గుళ్ళున్నాయక్కా? మేం నలభై మందిమి."

"తాతా, వీళ్ళు నా మాట వినరు. నువ్వు ఒక్కసారి వద్దను. చాలు."

"ముసలోణ్ణి. నా మాటెవడు వింటాడు?"

"మొన్న కాయలు దులపబోయే ముందు గొర్రెని కోసి, నువ్వు దువా చదివి చేతులు దించేదాకా ఒక్కడూ చెట్టెక్కలేదు. అప్పుడు అంత చెల్లిన నీ మాట ఇప్పుడు చెల్లదా?"

"టీ చల్లారిపోతోంది."

"జెనిష్ అరిచుంటాడు. నీ గుడారం అక్కడికి వంద అడుగులు. నీకేం వినపడలేదా?"

"చెవుడు."

"ఇందాక నా గుర్రం డెక్కల చప్పుడు విని, నేను మలుపు తిరక్కముందే లేచి నిలబడ్డావు!"

"ఏంటే నీ గోల? జెనిష్ ఏమన్నా పుణ్యాత్ముడా? వాడూ అమ్ముకున్నాడు."

"ఏం అమ్ముకున్నాడు?"

"మా చెట్లు! మా ముత్తాత నాటిన మూడు చెట్లు. వాటికి ఎర్ర పట్టీలు వేస్తుంటే నా కళ్ళతో చూశాను."

"వేశాడు. నేనే వేయమన్నాను."

"నువ్వా? నువ్వు కూడానా?"

"ఎర్ర పట్టీ వేస్తే అమ్మేసినట్టని నీకెవరు చెప్పారు?"

"ఒకళ్ళు చెప్పాలా? రష్యావాళ్ళ కాలం నుంచీ చూస్తున్నాం. అటవీ ఆఫీసు నుంచి ఎర్ర రంగు వచ్చిందంటే వారం తిరక్కుండా రంపం వచ్చేది. మా నాన్నవి పదకొండు చెట్లు అట్లాగే పోయాయి. ఆయన మళ్ళీ అడవి మొహం చూడలేదు."

"అది పాత పద్ధతి తాతా. మొన్న వసంతంలో ఉజ్బెక్కులు, కజక్కులు, తజిక్కులు, సాయానికొచ్చిన జపానువాళ్ళు, మనం, అందరం తాష్కెంట్‌లో కూర్చున్నాం. ఇకమీదట అన్ని దేశాల అడవుల్లోనూ ఒకటే గుర్తు. ఎర్ర పట్టీ ఉన్న చెట్టు విత్తనాల చెట్టు. దాని మీద రంపం పెడితే ఎవడైనా జైలుకే."

"అబద్ధం."

"కావాలంటే సంతకాలున్న కాగితం చూడు. మొదట ఆ విత్తనాల చెట్ల జాబితాలో నీవి లేవు. జెనిష్ నాతో రెండు నెలలు కొట్లాడి ఎక్కించాడు. ఒర్మోన్ తాత పోయినా అవి ఉండాలి అన్నాడు."

"మాకెవరూ చెప్పలేదే."

"వచ్చే వారం సభ పెట్టి చెబుదామనుకున్నాం."

"రంగు ముందు, మాట తరవాతానా?"

"తప్పే. మాదే తప్పు. తాతా, అటు చూడు, ఎర్మెక్ గుర్రం ఎక్కాడు!"

"ఒరేయ్ ఎర్మెక్, ఆగు! కళ్ళెం లాగు! కదిర్‌ని విప్పు!"

"నువ్వు అడ్డం లే తాతా. గుర్రం తొక్కేస్తుంది."

"తొక్కనీ. వాణ్ణి విప్పి ఆ తాడు నాకు కట్టు. మూడో చెట్టుకి రంగు పూస్తున్నాడురా మీ అన్న. వెనక నుంచి వెళ్ళి భుజం మీద నరికాను. కింద పడి కూడా, 'ఇవి బతకడానికే తాతా' అన్నాడు. చచ్చేముందు కూడా అబద్ధమాడుతున్నాడని, ఈసారి తల మీద కొట్టాను."