వెనక ఎడమ పక్కన ఎక్కినవాడు

పొగమంచు దిగితే రింగ్ గేటు తియ్యరు. అడవిలో కొండలెక్కి దిగే పందెం రోడ్డది, టిక్కెట్టు కొనుక్కుంటే ఎవరి కారు వాళ్లు తిప్పుకోవచ్చు. గేటు తియ్యకపోతే మాత్రం వచ్చినవాళ్లంతా రోస్విటా బండి దగ్గర చేరి ఆలుగడ్డ అట్లు తింటారు. చెయ్యడానికి ఇంకో పని ఉండదు గనక హెరిబెర్ట్ చెప్పేది వింటారు.

ఆ శనివారం మధ్యాహ్నం స్వెన్యా కూడా వింటోంది. ఆమె వచ్చింది కథ కోసం కాదు. హెరిబెర్ట్ తన పాత కారులోంచి విప్పిన సస్పెన్షన్ సెట్టు, స్ప్రింగులూ కుదుపు తగ్గించే నూనె షాకులూ కలిపి, ఓ దుప్పట్లో చుట్టి తెచ్చి బల్ల మీద పెట్టాడు. అది తీసుకోవాలా వద్దా అన్నది ఆమె గోల.

స్వెన్యా నర్సు. ఊళ్ల వెంట తిరిగి ముసలివాళ్లని చూసుకుంటుంది. తుంటి విరిగిన ట్రుడె ముసలమ్మని డయాలసిస్‌కి తన కారులోనే తీసుకెళ్తుంది. రోడ్డు మీద అతుకు తగిలితే చాలు, ముసలమ్మ పళ్లు బిగబట్టి కిటికీలోంచి బయటికి చూస్తుంది, ఒక్క మాట అనదు. శనివారం అదే కారు రింగ్ మీదికి. పోయిన నెల గని వంపు దగ్గర ఆ మెత్తటి స్ప్రింగుల మీద కారు పడవలా ఊగి, తోక విసిరి, ఇనప కంచెని రాసుకోబోయి ఆగింది. మార్చక తప్పదు. గట్టివి వేస్తే ముసలమ్మకి నరకం, మెత్తవి ఉంచితే తనకి కంచె. ఉన్నది ఒక్కటే కారు.

"కొంచెం గట్టివి చాలు, కారు కిందకి దించకు" అన్నాడు మెకానిక్ యుప్, అట్టు నములుతూ.

"వీడికేం తెలుసు పిల్లా" అన్నాడు హెరిబెర్ట్. దుప్పటి మీద చెయ్యేసి, పడుకున్న కుక్కని నిమిరినట్టు నిమిరాడు. "ఇది వేసిన కొత్తలో పక్క సీట్లో గుడ్ల బుట్ట పెట్టుకుని బేకరీకి వెళ్లొచ్చాను. ఒక్క గుడ్డు పగల్లేదు."

"అది మంచిదే" అంది స్వెన్యా.

"ఆగు. ఇంటికెళ్లలేదు, అదే బుట్టతో రింగ్ మీదికి వెళ్లా. ఓ చుట్టు తిప్పా. అప్పుడూ పగల్లేదు. ఎందుకు పగుల్తాయి, రోడ్డు మొత్తం నా నడుముకి తెలుస్తోంది గదా! నేల మీద కుర్రాళ్లు రంగుతో పేర్లు రాస్తారు చూడూ, ఆ పేర్లు కూర్చునే చోటుతో చదివేశాను. ఒకడు తన పిల్ల పేరు తప్పు రాశాడు. అదీ తెలిసింది."

"నీ కూర్చునే చోటు బడికి వెళ్లినట్టుంది, నువ్వు వెళ్లకపోయినా" అంది రోస్విటా, పెనం గీకుతూ. అందరూ నవ్వారు.

"నవ్వండి. ఆ తర్వాత ఏమైందో తెలిస్తే నవ్వరు."

గొంతు తగ్గించాడు. బండి చుట్టూ మంచు ఇంకాస్త దగ్గరకి జరిగింది. పక్కన ఆపిన కార్లు కూడా కనపడటం మానేశాయి.

"ఇలాంటి రోజే. గేటు తీసే ఉంది, నేను లోపలికెళ్లాక దిగింది మంచు. నక్కగొట్టం అంటాం చూడు, ఆ దిగుడులో జారుతున్నా. ముందు రోడ్డు లేదు, పాల గిన్నెలో పడ్డ ఈగలా ఉన్నా. అప్పుడు కారు వెనక ఎడమ పక్క దిగబడింది. ఎవరో తలుపు తియ్యకుండా ఎక్కి కూర్చున్నట్టు. వెనక్కి చూస్తే సీటు ఖాళీ. ఖాళీయే గానీ, బరువుంది."

స్వెన్యాకి మెడ మీద వెంట్రుకలు లేచాయి, అది దాచుకోవడానికి కాఫీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుంది. అయినా, రోగిని అడిగినట్టే అడిగింది.

"ఒక్కసారే దిగిందా, మెల్లగానా?"

"ఒక్కసారే! టప్పున! మనిషి బరువు. పాత రోజుల్లో ఆ దిగుడులోనే పోయాడంటారు ఓ కుర్రాడు, తెల్ల తోలు టోపీవాడు. వాడే. వాడు గాకపోతే ఎవరు ఎక్కుతారు పరిగెత్తే కారు?"

"మళ్లీ లేచిందా ఆ పక్క?"

"వాడు దిగితే గదా అది లేవడానికి! అక్కణ్ణించి నాతోనే ఉన్నాడు. మాట్లాడాడు కూడా."

"ఏమన్నాడు?" యుప్ అట్టు పక్కన పెట్టేశాడు.

"నోరెక్కడిది వాడికి. తట్టాడు. స్టీరింగు తిప్పితే సీటు కింద టక్, టక్. కుడి వంపుకి ఒకటి, ఎడమకి రెండు. ఆ మంచులో నాకు కళ్లు వాడే. వాడు తట్టినట్టు తిప్పా, నేను కళ్లు మూసుకున్నా ఒట్టు. గని వంపు దాటా, గచ్చు గిన్నె లాంటి ఆ గుండ్రం వంపు దాటా. కంచె పక్కనే ఉంది, నాకు చలి తగుల్తోంది దాన్నుంచి."

"తిప్పినప్పుడేనా తట్టేది? తిన్నగా పోతుంటే?"

"గుంతలో పడ్డప్పుడు కూడా తడతాడు. గుంతలంటే భయం వాడికి, పోయినవాడైనా. విను, ఇంకా అవలేదు. వంపు వంపుకీ ఒకడు నిలబడి ఉన్నాడు. కంచె అవతల, చెట్ల మధ్య, బస్సు కోసం నిలబడ్డట్టు, నోరెత్తకుండా. నేను దగ్గరకి రాగానే ఒక్కొక్కడూ ఎక్కేస్తున్నాడు. కారు కుంగుతోంది. పొట్ట నేలకి రాసుకుంటోంది, నిప్పురవ్వలు! స్ప్రింగు మర తిప్పి ఇంకా గట్టి చేశా, ఇంకో ఇద్దరు ఎక్కారు. ఇంకా తిప్పా. మోటారు సైకిలు వాళ్లు బళ్లతో సహా ఎక్కారు."

"మీ అమ్మ ఎక్కలేదా?" అంది రోస్విటా. ఈసారి ఎవరూ పెద్దగా నవ్వలేదు. ఆమె కూడా అడవి వైపు చూసి, పెనం మంట కాస్త పెంచింది.

"ఏం చెయ్యను, దింపాలి గదా. గేటు బయటకి తెచ్చా. ఎవడి ఊరికి వాణ్ణి. తలుపు ముందు ఆపితే వెనక కాస్త తేలికవుతుంది, ఇంట్లో దీపం వెలుగుతుంది, లోపల ఎవరో కంచం పెడుతున్న చప్పుడు. ఎన్నేళ్లుగానో మూసున్న ఇళ్లల్లో! అందరూ దిగారు, వెనక ఎడమ పక్కవాడు తప్ప. వాడికి ఇల్లు లేదు. పొద్దున్న లేచి చూస్తే ఆ చక్రం కింద తడి. నల్లగా, చెయ్యి పెడితే జారుతోంది. రాత్రంతా ఏడ్చాడన్నమాట."

"రోజూనా ఆ తడి?"

"రోజూ. అందుకే చెప్తున్నా పిల్లా, ఇది మామూలు సెట్టు కాదు. వాడు దీన్ని వదల్లేదు. కారు అమ్మేశా, వాడు ఈ స్ప్రింగులోనే ఉండిపోయాడు. నువ్వు బిగించుకో, గని వంపులో నీ తోక తిరగబోతే వాడే అదిమి పట్టుకుంటాడు. ముసలమ్మని ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్తాడు."

స్వెన్యా గ్లాసు కింద పెట్టింది. లోపల ఎక్కడో చిన్నప్పటి భయం ఇంకా కూర్చునే ఉంది, కానీ ఆమె చేతులకి అలవాటైన పని దొరికింది. రోజూ ఇదే గదా చేసేది. ముసలివాళ్లు దేవుడు పిలిచాడంటారు, పోయిన మొగుడు కాలు లాగాడంటారు. ఆమె దుప్పటి ఎత్తి కాలు చూస్తుంది.

దుప్పటి విప్పింది.

"వెనక ఎడమది ఏది?"

"అదే. మెల్లగా, కోప్పడతాడు."

పైనుంచి నిగనిగలాడుతోంది, తుడిచి తెచ్చాడు. ఆమె వేళ్లు స్ప్రింగు చుట్టూ కిందకి జరిగాయి. అడుగున, ఇనప కప్పులో కూర్చునే ఆఖరి మెలిక దగ్గర ఆగాయి. మెలిక అక్కడ లేదు. విరిగిన చివర కత్తిలా బయటకి తిరిగి ఉంది. ముక్క కప్పులో పడుంది, కదిపితే టక్ మంది.

చుట్టూ ఉన్నవాళ్లందరికీ వినపడింది ఆ టక్.

"స్ప్రింగు విరిగింది, అందుకు దిగబడింది" అంది. "ముక్క ఇక్కడ ఆడుతోంది, అందుకు తట్టింది. షాకు కారుతోంది, ఇదిగో, నీ తడి. ఇది నూనె హెరిబెర్ట్. అడిగిందల్లా దాచకుండా చెప్పావు, పాపం."

యుప్ ఒక్కసారి పెద్దగా నవ్వాడు. రోస్విటా గరిటె ఎత్తి, "మోటారు సైకిళ్లు ఏ ముక్కలో ఉన్నాయి, వెతుకు" అంది. బండి చుట్టూ ఊపిరి మళ్లీ మొదలైంది.

హెరిబెర్ట్ కూడా నవ్వబోయాడు. "ఏదో ఆ మాత్రం..."

స్వెన్యా నవ్వలేదు. ఆ విరిగిన మొన నుంచి గోరుతో ఏదో లాగుతోంది. నల్లటి సన్నటి పీలిక, మెత్తగా, వానపాములా సాగి ఊడొచ్చింది. అతని అరచేతిలో పెట్టింది.

"ఏంటిది?"

"టైరు. లోపలి పక్కన. తిరిగినప్పుడల్లా ఇది కొంచెం కొంచెం కోసుకుంటూ వచ్చింది. గుంతలో పడ్డప్పుడు ఇంకాస్త. నువ్వు కళ్లు మూసుకున్నానన్నావే, ఆ వంపులో కూడా."

యుప్ నవ్వు ఆపేసి దగ్గరకొచ్చి చూశాడు. ఆ పీలికని వెలుతురుకి పట్టుకుని, తిప్పి, దానికంటుకున్న ఇనప తీగ పోగు చూపించాడు. టైరు లోపలి తీగ. దాని తర్వాత గాలి తప్ప ఇంకేం ఉండదు.

"ఎన్నాళ్లు తిరిగావు దీని మీద?" అని అడిగాడు. హెరిబెర్ట్ ఆ పీలికని తీసుకుని మళ్లీ అరచేతిలో పెట్టుకున్నాడు.

"నాకు నువ్వు చెప్పినవే వెయ్యి యుప్" అంది స్వెన్యా. "కొంచెం గట్టివి చాలు, దించకు. రింగ్ మీద నేనే కాస్త మెల్లగా పోతా. ముసలమ్మకి దార్లో కునుకు పట్టాలి నాకు."

కొండ మీద గాలి మళ్లింది. మంచు ముక్కలు ముక్కలుగా చెట్ల మీదకి లేచింది, గేటు దగ్గర పచ్చ దీపం వెలిగింది. అందరూ అట్లు వదిలేసి కార్ల దగ్గరకి పరిగెత్తారు.

హెరిబెర్ట్ లేవలేదు. అరచేతిలోని టైరు పీలికని వేలితో తిప్పి చూసుకున్నాడు. తర్వాత జేబులోంచి తన కొత్త కారు తాళం తీసి బల్ల మీద పెట్టి, ఊళ్లోకి బస్సు ఎన్నింటికని రోస్విటాని అడిగాడు.