గుర్రాల వెనక నిలబడ్డ మోటారు

సభకు పెద్దగా కూర్చున్న ఊ సోయ్ విన్ గారికి, ఆయన పక్కన పూలదండ బరువుకు తల వంచుకుని కూర్చున్న బుల్లియ్యకు, అతని ఇల్లాలు మా ఖిన్ ఖిన్‌కు, ముందు వరసల్లోని పెద్దలకు, వెనక నిలబడి చుట్టలు దాచుకుంటున్న టాక్సీ డ్రైవర్లకు, గోడవారన చేరిన మా గుర్రబ్బండ్ల వాళ్లకు, అందరికీ ఈ సన్యాసమ్మ దండాలు. నాకు అక్షరం ముక్క రాదు. అందుకే సంఘం కార్యదర్శి చంద్రరావును పక్కన కూర్చోబెట్టుకున్నాను. నేను చెబుతుంటే అతను రాస్తాడు. ఇది బుల్లియ్యకు సన్మానం, నాకు అర్జీ. రాయి నాయనా, అర్జీ అన్న మాట కూడా రాయి. (నవ్వులు)

నా గోడు ముందే చెప్పేస్తాను, తర్వాత పొగడ్తలకు అడ్డం రాకుండా. దలా పడవ దిగే రేవు దగ్గరి బండ్ల స్టాండులోంచి గుర్రాలను తీసేసి, ఆ చోటంతా టాక్సీలకే ఇమ్మని డ్రైవర్లు లైసెన్సు ఆఫీసులో అడిగారు. ఆ కాగితం మీద డ్రైవర్లందరూ వేలిముద్రలు వేశారు, ఒక్క బుల్లియ్య తప్ప. ఆ బుల్లియ్య కళ్లు మసకేస్తున్నాయని, ఎవరూ వేలెత్తి చూపకముందే తన లైసెన్సు తానే తిరిగి ఇచ్చేసి, నదికి అవతల దలాలో అత్తవారి ఊరికి వెళ్లిపోతున్నాడు. రేపటి నుంచి ఆ స్టాండులో మా తరపున మాట్లాడే మోటారు మనిషి లేడు. అందుకని దండలు వేసే చోట ఈ ముసలిది గొంతు చించుకుంటోంది.

ఇప్పుడు బుల్లియ్య సంగతి. భీమిలిలో ఓడెక్కి బర్మా దేశంలో ఈ రంగం పట్నానికి వచ్చి, రిక్షా లాగి, ఒక షేటుగారి మోటార్లు కడిగి, కడుగుతూ కడుగుతూనే తోలడం నేర్చుకున్నాడు. పెద్ద యుద్ధం ముగిసి ఓడలు మళ్లీ మామూలుగా తిరుగుతున్న రోజుల్లో, ఒకనాడు ఆ షేటు టాక్సీని బర్రుమనిపించుకుంటూ మా గుర్రాల మధ్యకు తోలుకొచ్చాడు. నా పెనిమిటి దాసు అప్పటికి బతికే ఉన్నాడు. మా గుర్రం ముందుకాళ్లు పైకెత్తి లేచిపోయి, బండెక్కబోతున్న ఆసామి చేతిలోని ఎండుచేపల గంప ఆయన తలపాగా మీదే బోర్లా పడింది. నేను చెర్నాకోల పట్టుకుని వెళ్లాను.

“ఎవుడ్రా నువ్వు? గుర్రాల మజ్జికి దెయ్యాన్ని తోలుకొచ్చినావు!”

“దెయ్యం కాదప్పా, టాక్సీ.”

“టాక్సీయో పీడో! దాని నోరు నొక్కు. లేపోతే నీ పీక నొక్కుతాను!”

మర్నాడు చూద్దును కదా, మలుపు దగ్గరే ఇంజను ఆపేసి, దిగి, ఒక చెయ్యి చక్రం మీద వేసి, భుజం తలుపుకు ఆనించి, ఆ మోటారును తోసుకుంటూ వస్తున్నాడు! రేవు కూలీలు ఒకటే నవ్వు.

“ఒరే బుల్లిగా, రిచ్చా ఒగ్గేసి మోటారుకొచ్చినావు, మళ్లీ లాగుడేనేటిరా?”

“లాగుడు కాదురా, తోసుడు. మరి పైకొచ్చాను కదా!” (నవ్వులు)

ఏదో ఒకనాటి ముచ్చట కాదు. అతను ఆ స్టాండుకు వచ్చినన్నాళ్లూ, వానలో బురదలో, మలుపు నుంచి మోటారును తోసుకునే వచ్చాడు. వచ్చి చివరి గుర్రం వెనక నిలబడేవాడు. ఎవరైనా తొందరగా వెళ్లాలని తిన్నగా మోటారు దగ్గరికే పోతే, ముందు మా ఆయన దగ్గరికి వచ్చేవాడు. “దాసు బావా, ఈ బాబుకి ఆసుపత్రికి బేగి ఎల్లాలట. ఎక్కించుకోనా?” అనేవాడు. ఏ చట్టమూ అతన్ని అడగమనలేదు. అయినా అడిగేవాడు. మా ఆయన మీసం సవరించుకుని, లాట్‌సాహెబులాగా, “సర్లే, ఎల్లు” అనేవాడు. (నవ్వులు) మీకది నవ్వులాట. రోజంతా గుర్రం తోక చూస్తూ బతికే మనిషికి ఆ అడగడం ఎంత మర్యాదో నాకు తెలుసు.

తర్వాత ఆఫీసు వాళ్లు టాక్సీ తోలేవాళ్లంతా కొత్తగా పరీక్షకు రావాలన్నారు. దుబాసీని పక్కన పెట్టుకుని దొర అడిగాడట, “గుర్రబ్బండి అడ్డొస్తే ఏం చేస్తావు?” అని. మిగిలినవాళ్లంతా హారన్ కొడతామన్నారు. ఇతను ఆగుతానన్నాడు.

“ఎంతసేపు?”

“గుర్రం ఎల్లినంతసేపు దొరా.”

లైసెన్సు ఇవ్వలేదు. మళ్లీ పిలిచారు, మళ్లీ అదే ప్రశ్న, మళ్లీ అదే జవాబు. అదిగో, ఖిన్ ఖిన్ నవ్వుతోంది. ఆ రోజు నవ్వలేదు. “హారన్ కొడతానని ఒక్క మాట సెప్తే నీ నోరు అరిగిపోద్దా?” అని వీధంతా వినబడేలా అడిగింది. “కొట్టను కదా ఖిన్ ఖిన్, కొడతానని ఎలాగ సెప్పీది?” అన్నాడట. ఇంకోసారి వెళ్తే దొరే విసిగిపోయి ట్రాము సంగతి అడిగాడు. “ట్రాము అడ్డొస్తే ఆగక సేసీదేటుంది దొరా!” అన్నాడు. ఆ జవాబుకు లైసెన్సు వచ్చింది. (నవ్వులు, చప్పట్లు)

ఇంకొక్క సంగతి. దాసు పోయినప్పుడు మా అబ్బాయి గోపాలం ఇంకా పగ్గాలు పట్టలేదు. మా బండి ఇంట్లోనే ఉండిపోయింది. స్టాండులో మా చోటు ఎవరో ఆక్రమించుకుని ఉంటారనే అనుకున్నాను. గోపాలం మొదటిసారి బండి తోలుకుని వెళ్లేసరికి, ఆ చోటు ఖాళీగా ఉంది. దాని వెనక బుల్లియ్య మోటారు ఉంది. ఆ మాట మా గోపాలం చెబితే విన్నాను. బుల్లియ్య ఇంతవరకూ చెప్పలేదు.

సత్యారావూ, లే. నువ్వే కదా డ్రైవర్ల పెద్దవు? చెప్పు, మమ్మల్ని తీసేయమనడానికి మేమేం చేశాం?

“మామ్మా, నీ మాట కాదనడానికి కాదు గానీ, పడవ దిగినోళ్లు మోటారే కావాలంటన్నారు. గుర్రాలన్నీ ఎల్లీదాకా మేం కూకుంటే మా పిల్లలకేటి పెట్టీది?”

కూర్చోకు, నిలబడే ఉండు. చంద్రరావూ, అతని మాట కూడా రాయి, అబద్ధం కాదది. మోటార్లను నేను ఆపలేను. ఆ సంగతి మా గుర్రానికి కూడా తెలుసు. (నవ్వులు) కానీ సత్యారావూ, ఒక్కో బేరానికీ బుల్లియ్య మమ్మల్ని అడిగాడు. స్టాండు మొత్తం పట్టుకుపోతూ మీరు అడగలేదు. నా మంటంతా అదే. అక్కడ ఎన్ని గుర్రాలుండాలో, ఎన్ని మోటార్లుండాలో, కూర్చుని మాట్లాడుకోలేమా? సోమవారం నాతో ఆఫీసుకు రా. నీ మాట నువ్వు చెప్పు, నా మాట నేను చెబుతాను. దొర ఇద్దరి మాటా వినే తేల్చాలి. వస్తావా, రావా? బుల్లియ్య వైపు చూస్తావేం? అతను లైసెన్సు ఇచ్చేశాడు. నా వైపు చూడు.

“వస్తాను మామ్మా. నా మోటార్లో నిన్ను ఎక్కించుకు తీసుకెల్తాను.”

వద్దు, నా బండిలో వద్దువు గాని. మోటారైతే మనిద్దరం నాలుగు మాటలు అనుకునేలోపే ఆఫీసు వచ్చేస్తుంది. (పెద్దగా చప్పట్లు)

ఇంక ముగిస్తాను. సన్మాన సభలో ఇంత రభస చేసినా గంట కొట్టకుండా విన్న ఊ సోయ్ విన్ గారికి, చెయ్యి నొప్పెడుతున్నా రాసిన చంద్రరావుకు, తిట్టుకుంటూనే విన్న డ్రైవర్లకు, నా వందనాలు. ఖిన్ ఖిన్, నీ మొగుడి మొండితనం ఇకపై పూర్తిగా నీ వంతు. బుల్లియ్యా, దలా నుంచి ఎప్పుడైనా పడవ దిగి ఇటు వస్తే, స్టాండులో ముందు ఏ బండి నిలబడి ఉంటే అదే ఎక్కు నాయనా. అది మోటారైనా నేనేమీ అనుకోను.

సెలవు.