వాగు రాళ్లు కడిగిన ఆదివారం

సభకు అధ్యక్షత వహిస్తున్న పెద్ద ఇంజనీరు గారికీ, వేదిక మీదున్న పెద్దలకూ, ఈ రోజు రిటైరవుతూ ముందు వరసలో కూర్చుని అప్పుడే కళ్లు తుడుచుకుంటున్న మా సీసాల మేడమ్ గారికీ, ఆమెకు రుమాలు అందిస్తున్న వారి శ్రీవారికీ, గోడకు ఆనుకుని నిలబడ్డ మా షెడ్డు వాళ్లకూ నమస్కారం. నాకు ఐదు నిమిషాలు ఇచ్చారు. నాకంటే ముందు మాట్లాడిన నలుగురూ ఐదని చెప్పి తలా ఇరవై తీసుకున్నారు కాబట్టి నేనూ అదే పద్ధతి పాటిస్తాను. (నవ్వులు)

నేను బండ్లు బాగుచేసే మెకానిక్‌ని. పదో తరగతి గట్టెక్కలేదు. మేడమ్ గారు నీటి ప్రయోగశాలలో ముప్పై ఒక్క ఏళ్లు ఎంత క్రమశిక్షణతో పనిచేశారో ఇందాకటి నుంచి వింటున్నాను, నాకు ఆ సంగతులేవీ తెలియవు. నాకు తెలిసిన మేడమ్ ఆదివారం పొద్దున ఏడింటికి రబ్బరు బూట్లేసుకుని, చేతిలో గాజు సీసా పట్టుకుని, మా వీధి వెనక వాగులో మోకాలి లోతున నిలబడి ఉంటారు. చుట్టూ వీధి జనం. రాళ్లు తిప్పి చూడటం, వాటి అడుగున అంటుకున్న పురుగుల్ని లెక్కపెట్టడం, ఆ లెక్క పాత పంపు గదిలో బోర్డు మీద రాయడం. పురుగులు తగ్గాయంటే నీళ్లు చెడినట్టే. దీన్నే మేము వాగు బడి అంటాం.

నేను అక్కడికి చదువుకోవడానికి పోలేదు, పోట్లాటకి పోయాను. ఆరేళ్ల కిందట ఓ రోజు ఈవిడ సీసా పట్టుకుని మా షెడ్డుకొచ్చి, "నాయనా, ఈ పాడైన ఇంజనాయిలు ఎక్కడ పోస్తావు?" అన్నారు.

"వాగులో. ఏం, వాగు మీ నాన్నదా?" అన్నాను.

అవును, అలాగే అన్నాను. షెడ్డు వాళ్లు తలలు దించుకోనక్కర్లేదు, అప్పుడు మీరూ పక్కనే నిలబడి నవ్వారు. (నవ్వులు) ఈవిడ మాత్రం చిన్నబుచ్చుకోలేదు. "మా నాన్నది కాదులే. ఎవరెవరిదో ఆదివారం వస్తే చూపిస్తాను" అన్నారు. చూసి నాలుగు దులిపేద్దామని పోయాను. ఒక రాయి తిప్పి చూపించారు. తూనీగ పిల్ల. రెక్కల్లేవు, మొహం మా షెడ్డు ఓనరు మొహంలా ఉంది. (నవ్వులు) ఓనరు గారూ, కోపం వద్దు, అది చాలా తెలివైన పురుగు. తూనీగలు ఎగరడానికి ముందు నీళ్లలో పెరుగుతాయని నాకు ఆ రోజు వరకూ తెలియదు. ఎన్ని డబ్బాల నూనె వాటి నెత్తిన పోశానో మాత్రం బాగా తెలుసు. ఇంటికెళ్లాక అన్నం సయించలేదు.

ఇక నాకు వాగు పిచ్చి పట్టింది. మూడో నెలలో మేడమ్ గారు ఊళ్లో లేని ఒక ఆదివారం చూసి, ఆవిడ తిరిగొచ్చేసరికి ఆశ్చర్యపోవాలని, షెడ్డు నుంచి పన్నెండు మందిని తీసుకెళ్లాను. చెత్త ఎత్తి ఊరుకున్నా బాగుండేది. వాగులో రాళ్లన్నీ బయటికి తీశాం. ఇంజను తోమే ఇనప బ్రష్షులతో నాచు పోయేదాకా రుద్దాం. సబ్బుపొడితో కడిగి, సైజుల వారీగా ఒడ్డున పేర్చాం. మా పిన్ని ఉత్సాహం ఆపుకోలేక వాటికి సున్నం కూడా వేసింది. అధ్యక్షుల వారు కూడా ఆ రోజు దయచేసి, "ఇంత శుభ్రమైన వాగుని నేను చూడలేదు" అని మెచ్చుకుని ఫొటో దిగారు. ఆ ఫొటో వారి ఆఫీసు గోడకి ఇప్పటికీ ఉంది. (పెద్దగా నవ్వులు)

సాయంత్రం మేడమ్ గారొచ్చారు. చూశారు. ఒడ్డున చతికిలబడ్డారు.

"ఎవరిదీ తెలివి?"

పన్నెండు వేళ్లు నా వైపు తిరిగాయి. పదమూడోది మా పిన్నిది.

"నాయనా, దుమ్ముగా ఉందని ఎవరింటికైనా వెళ్లి గోడలు పీకేసి వచ్చావా ఎప్పుడైనా?" అన్నారు. తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వారు. ఆ నీళ్లు నవ్వు వల్లే వచ్చాయో లేదో నేను ఇప్పటికీ అడగలేదు.

సున్నం గీకి, ఒక్కొక్క రాయీ తిరిగి వాగులో పెట్టడానికి నాలుగు ఆదివారాలు పట్టింది. పురుగులు మాత్రం రాలేదు. నెల, రెండు నెలలు, మూడు. ఒక రోజు ఈవిడ షెడ్డుకి ఫోన్ చేసి, "ఒకటి వచ్చింది" అన్నారు, అంతే. విప్పిన బండి విప్పినట్టే వదిలేసి పరిగెత్తాను. ఆ బండి తాలూకు మనిషి ఎదురుగా నిలబడి, "పురుగు కోసం పోయాడా!" అని ఓనరుని అడిగాడట.

ఇప్పుడు అసలు విషయం. పోయిన వేసవిలో సబ్బుల కార్ఖానా వాగులోకి వదిలే గొట్టం కింది వైపు పురుగులు మాయమైతే ఆ సంగతి ఎవరు కనిపెట్టారు? బోర్డు మీది లెక్క చూసి కూరగాయలమ్మే అవ్వ కనిపెట్టింది. ఆ లెక్క చూపిస్తేనే గొట్టం మూయించారు. అలాంటి బడిని, "అర్హత కలిగిన సిబ్బంది లేనందున" వచ్చే వారం నుంచి నిలిపివేస్తున్నామని, పంపు గదిలో పాత కుర్చీలు పెట్టుకుంటామని ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. కింద సంతకం చేసిన వారు నాకు నాలుగడుగుల దూరంలో పూలదండ వేసుకుని కూర్చున్నారు.

సార్, నాకు ఒళ్లు మండింది. ఇంకా మండుతూనే ఉంది. ఒక మనిషికి శాలువా కప్పి, ఆవిడ చేసిన పనికి తాళం వేస్తే దాన్ని సన్మానం అంటారా? (చప్పట్లు) చప్పట్లు ఆపండి, నేను సార్‌ని అడుగుతున్నాను. వచ్చే ఆదివారం ఏడింటికి మీరు రండి. ప్యాంటు మడుచుకుని వాగులో దిగండి. దిగాక కూడా ఆపేయాలనిపిస్తే అప్పుడు ఆపండి. (అధ్యక్షుల వారు తల ఊపారు.) తల ఊపితే చాలదు సార్, నోటితో చెప్పాలి. ("వస్తానయ్యా, వస్తాను" అన్నారు. నవ్వులు, చప్పట్లు)

మరి పాఠం ఎవరు చెబుతారు? పోయిన వారం మేడమ్ గారు నన్నే చెప్పమన్నారు. నేను ఆవిడ మీద అరిచాను. "నాకేం చదువుంది? అందరి ముందూ నన్ను నవ్వులపాలు చేస్తారా?" అన్నాను. అది కోపం కాదని ఆవిడకి తెలుసు. భయం.

చెబుతాను మేడమ్. ఒక్క షరతు. వచ్చే ఆదివారం మీరు రావద్దు. మీరుంటే జనం మిమ్మల్నే చూస్తారు, నేనూ మిమ్మల్నే చూస్తాను, సగం మాటకి ఆగిపోతాను. ఆ ఒక్క ఆదివారం ఇంట్లో నిద్రపోండి. నిద్ర పట్టదని తెలుసు, అయినా కళ్లు మూసుకోండి. రుమాలు పట్టుకున్న బాబాయి గారూ, తలుపు గడియ వేసే బాధ్యత మీది. (నవ్వులు) ఆ పై ఆదివారం రండి, వెనకాల నిలబడండి, నేను తప్పు చెబితే అందరి ముందే దిద్దండి.

ఇంతసేపు నా నోటిదురుసుని భరించిన పెద్దలకు కృతజ్ఞతలు. నన్ను ఆ రోజు షెడ్డులో కొట్టకుండా వదిలిన మేడమ్ గారికి ఎలా చెప్పాలో నాకు తెలియదు. పాఠం తయారుచేసుకోవాలి, ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి. సెలవు.