ఒకటిన్నర లెక్క

జమ్మలమడుగు అవతల మూతబడిన నాపరాళ్ల క్వారీ, మిట్టమధ్యాహ్నం. పాత క్రేను కొక్కేనికి ఇనుప తొట్టి వేలాడుతోంది. దాని కింద కాళ్లూ చేతులూ కట్టేసి పడున్నవాడు పులివెందుల ఇంజనీరు విష్ణుతేజ. పక్క గట్టు మీద నిలబడి తొట్టిలోకి రాళ్లు విసురుతున్నవాడు ప్రొద్దుటూరు వెల్డరు ఇమ్తియాజ్.

“పదమూడు. లెక్కబెడతాండావా సామీ?”

“విసరొద్దు మామా. పెట్టేదుంటే మెల్లగా పెట్టు. విసిరితే దెబ్బకు బరువు రెండింతలైతాది.”

“నోట్లో నెత్తురు కారతాన్నా పాఠం మాత్రం మానలా. అంతా మీ నాయన మాదిరే. గురురాజారావు అయ్యవారు గూడా మా ప్రొద్దుటూరు బళ్లో బెత్తంతో కొడతా కొడతానే ఎక్కాలు చెప్పేటోడు. పన్ను ఊడిందా?”

“రెండు.”

“ఉమ్మెయ్. గొంతుకు అడ్డం పడితే కష్టం. నువ్వు అప్పుడే సావగూడదు.”

“సంపాలంటే ఆ సుత్తితో ఇంకో దెబ్బ సాలు గదా. ఈ తొట్టి ఎందుకు?”

“సుత్తితో కొడితే నేను సంపినట్టు. ఇది తెగి పడితే నీ లెక్క సంపినట్టు. నా తమ్ముడు నయీం అట్లే గదా పోయినాడు. సముద్రంలో చమురు తీసే ప్లాట్‌ఫారం మీద, యాభై టన్నుల ఇనప గదిని క్రేనుతో ఎత్తుతాంటే, కొక్కెం తగిలించే చెవి తెగి వాడి మీద పడె. పెట్టెలో ఏమొచ్చిందో తెల్సా? మా అమ్మ అమీనాబీకి మొగం గూడా చూపియ్యలా. చూపియ్యను మొగముంటే గదా.”

“తెల్సు మామా.”

“యాడ తెల్సు నీకు? కాయితం మీద తెల్సు. ఆ చెవి డ్రాయింగు నీదేనా?”

“నాదే.”

“సేఫ్టీ ఫ్యాక్టర్ ఎంత వేసినావు? ఎన్నింతల బరువు ఆపేటట్టు?”

“ఫస్టు రెండు వేసినా.”

“ఫస్టు సంగతి అడగలా.”

“ఒకటిన్నర.”

“మల్లా చెప్పు.”

“ఒకటిన్నర.”

“ఎంక్వైరీ కాయితంలో గూడా అదే రాసినారు. రెండుంటే నా తమ్ముడు బతికుండేటోడు. ఆ అర ఎవురి కోసం కోసినావు?”

“పైవాండ్లు బరువు తగ్గించమన్నారు. నేను ఊరికే కోయలా మామా, దానికో రూలుంది, స్కానింగు...”

“పద్నాలుగు.”

“అమ్మా... కాలు. కాలు మీద పడింది.”

“తొట్టి అంచుకు తగిలి జారింది. ఇరిగిందా?”

“ఇరిగింది.”

“ఒకటిన్నర లెక్కన ఇరిగిందా, రెండు లెక్కన ఇరిగిందా? అరవగాకు, ఈడ ఎవురూ లేరు. ఇను. నీ డ్రాయింగు ప్రకారమే, రెండు టన్నుల బరువుకు తగ్గట్టు చిన్నగా కోసి ఈ తొట్టికి చెవి చేసినా. నీ ఒకటిన్నర నిజమైతే మూడు టన్నుల దాకా తెగగూడదు. తొట్టే రెండున్నర టన్నులుంటాది, ఇంకో ఆరు రాళ్లేస్తే మూడైతాయి. అప్పటికీ తెగకపోతే నిన్ను మోసుకోని పోయి పులివెందులలో మీ ఇంటికాడ దింపుతా. మా అమ్మ మీద ఒట్టు.”

“దీనికి వెల్డు ఎవురు పెట్టినారు?”

“నేనే. వెల్డు సంగతి నీకొద్దు. ఇరవై రెండేండ్ల చెయ్యి ఇది. తెగితే నీ లెక్కే తప్పు.”

“ఆడ ఆ చెవికి వెల్డు పెట్టింది గూడా నువ్వే గదా.”

“నేనే. ఏమంటాండావు?”

“ఏమనలా. ఆ పొద్దు ఎట్ల పెట్టినావు?”

“ఎప్పుడూ పెట్టినట్టే.”

“లోపలి పొర?”

“పదైదు.”

“లోపలి పొర సంగతి అడిగినా మామా.”

“రెండు డ్యూటీలు వరసగా చేసింటి. ఆ సందులో చెయ్యి దూరలా. లోపల యాడో బోలు మిగిలినట్టు అనుమానమొచ్చె. ఐతే ఏంది? అందుకే గదా పరీక్ష. కడుపులో బిడ్డను చూసినట్టు వెల్డంతా స్కానింగు చేస్తారు. బోలుంటే దొరుకుతాది, దొరికితే కోసేసి మల్లా పెడతాం. ఎవురూ రాలా, మల్లా పెట్టమనలా. అంటే బోలు లేనట్టే.”

“నేనూ అదే నమ్మినా. సేఫ్టీ ఫ్యాక్టరంటే మనకు తెలీనిదానికి ఇడిసిపెట్టే జాగా మామా. వెల్డంతా స్కానింగు చేస్తే తెలీనిది తగ్గుతాది, ఒకటిన్నర సాలు. చెయ్యకపోతే రెండు ఉండాల్సిందే. స్కానింగు అయిందని కాయితమొచ్చె. అప్పుడే కోసినా.”

“ఆ కాయితం నిజమేనా?”

“కొంచెం నీళ్లియ్యి.”

“నిజమేనా అని అడగతాండా.”

“సంతకం నిజమే. కొలతలు రాసే గళ్లు మాత్రం ఖాళీ.”

“ఖాళీ కాయితాన్ని ఎట్ల పాస్ చేసినావు రా నాకొడకా?”

“తెల్సినోడు గదా అని. ఫోన్ చేసి అడిగితే నవ్వినాడు. మనోళ్ల మధ్య గళ్లెందుకన్నా అన్నాడు. నేనూ నవ్వి పాస్ చేసినా. అది నా తప్పే. యాడ అడిగినా ఒప్పుకుంటా.”

“ఎవుడు వాడు? పేరు చెప్పు. నిన్నిప్పేసి, వాన్ని పట్టుకొచ్చి ఇదే జాగాలో పండబెడతా.”

“వద్దు మామా. ఆ పేరు నేను ఎంక్వైరీలో గూడా చెప్పలా. తప్పంతా నా మీదికే రానిచ్చినా.”

“రెండో కాలు గూడా ఇరగ్గొట్టల్నా?”

“కొట్టు. మీ అమ్మ తట్టుకోలేదు ఆ మాట.”

“మా అమ్మ ఎందుకొచ్చె మధ్యలో?”

“ఆ ఇనప గది కట్టిన యార్డులో స్కానింగు మిషను భుజానేసుకోని తిరిగేది ఎవురు మామా?”

“మిషనా? మా... లే. లే. అబద్ధం.”

“మా అన్న వెల్డుకు మిషను పెడితే మా అన్నను అనుమానించినట్టే అన్నాడు నయీం. గర్వంగా అన్నాడు మామా. చనిపోయినోని మీద తప్పెట్ల నెట్టేది?”

“నాతోనూ అన్నాడు.”

“ఏమని?”

“సాయంత్రం టీ తాగుతా అన్నాడు. నీ వెల్డు నేను చూసేదేందన్నా, కండ్లు మూసుకోని సంతకం పెడతా అని. తమాషాకు అంటాండాడు అనుకుంటి. నేనూ నవ్వితి. బోలు సంగతి ఆ పొద్దే చెప్పింటే... నోరు తెరిచి ఒక్క మాట చెప్పింటే సాలు గదా సామీ.”

“మామా, పైన ఏందో చిట్లిన సప్పుడు.”

“ఇన్నా.”

“నీ వెల్డు తెగదు అంటివి గదా?”

“పొద్దున పెట్టేటప్పుడు కండ్ల నిండా నీళ్లు, సందు గూడా సరిగా కనపళ్లా. ఎవురూ చూల్లా దాన్ని. నేను దిగి వస్తాండా, కట్లు కోస్తా. నువ్వు చేతనైనంత పక్కకు దొర్లు సామీ, పైనుండేది గూడా నా వెల్డే.”