గోరంత ప్లాస్టర్

ఇంటికి పంపే ముందు నర్సు పేషెంటు మెడ మీద గోరంత ప్లాస్టర్ అంటించింది. ఆవిడ దాన్ని తడిమి చూసుకుని నీరుగారిపోయింది.

"కోతా కుట్లూ ఏం లేవా సిస్టర్?"

"అక్కర్లేదమ్మా. ఇక్కడి రక్తనాళంలోంచే సన్న గొట్టం పంపి, పొత్తికడుపులో ఉబ్బిన రక్తనాళాలు మూసేశారు. అదృష్టవంతులు."

"నా ఖర్మ! ఇది చూస్తే మా అత్తగారు దోమ కుట్టిందంటారు. పదకొండేళ్లు నొప్పి అని ఏడిస్తే పనిదొంగ వేషాలన్నారు. పొట్ట చుట్టూ కొండంత కట్టు కట్టండి."

"అక్కడ గాయమే లేదు కదండీ!"

"నొప్పి కూడా కనబడలేదు. అందుకేగా ఎవరూ నమ్మలేదు."

నర్సు తలుపు దగ్గరగా వేసి, బ్యాండేజీ విప్పింది.

"ఎన్ని చుట్లు?"

"ఏడాదికొకటి చొప్పున వెయ్యండి. ముడి మాత్రం అత్తగారికి కనబడేలా ముందుకి."