లావెండర్ దూది

ముందు ఆ దూది జేబులోంచి తీసి బల్ల మీద పెట్టు. ఇల్లంతా లావెండర్ నూనె కంపు. సువాసనా? నీకు సువాసన, నాకు కంపే.

నవ్వకు. ఈ అక్క మాటంటే నీకెప్పుడూ నవ్వులాటే. అమ్మ పోయాక నిన్ను పెంచినదాన్ని. చెప్పే హక్కు నాకుంది, వినడం వినకపోవడం నీ ఇష్టం.

పొద్దున ఉతుకుదామని నీ దిండు గలేబు తీశాను. లోపల బీపీ మాత్రల అట్టలు. వెండి కాగితం ఎక్కడా చిరగలేదు. నాకు అక్షరం ముక్క రాకపోవచ్చు. వాడిన అట్టకీ వాడని అట్టకీ తేడా తెలీదా?

ఏంటీ, బీపీ తగ్గిందా? ఎప్పుడు తగ్గింది? మీ సీసాల ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ వాళ్లని విరామంలో పడుకోబెట్టి, లైట్లు తగ్గించి, ముక్కు దగ్గర ఈ దూది పెడతారు. ఒళ్లు తేలికపడ్డాక నర్సమ్మ చేతికి పట్టీ చుట్టి బీపీ చూస్తుంది. అప్పుడు తగ్గక ఏం చేస్తుంది? మళ్లీ ఫర్నేస్ ముందు నిలబడ్డాక ఎవరైనా చూశారా? మాత్రలు మానెయ్యమని ఆ నర్సమ్మ చెప్పిందా? లేదు కదా. ఆ తెలివి నీ సొంతం.

నిన్న మెట్లు ఆగి ఆగి ఎక్కావు. క్యారేజీ ఎడమ చేతిలోంచి కుడి చేతికి మార్చుకుని ఛాతీ రుద్దుకున్నావు. ఏంట్రా అంటే గ్యాస్ అన్నావు. మిల్లుకి వెళ్తూ నాన్న కూడా గ్యాసే అన్నాడు. సోడా తాగి వెళ్లాడు. తెల్లారాక ఆయన సైకిల్ని వేరే ఎవరో నడిపించుకుంటూ తెచ్చి, గోడకి ఆనించి, తల వంచుకుని నిలబడ్డారు. నువ్వప్పుడు చిన్నవాడివి. బెల్లు కొట్టుకుంటూ ఆడుకున్నావు.

తెలుసు, ఫోర్‌మన్ పని. మాత్రల్లేకుండా ఆరోగ్యం బాగుందని తేలితేనే ఇస్తారు. ఇన్నేళ్లు ఆ సెగలో కాగింది దాని కోసమే. నీ వెనక చేరినవాడి కింద పనిచెయ్యడం నీకు చేతకాదు. మనింట్లో ఎవరికీ చేతకాదులే.

ఆగు, తలుపు తియ్యకు. మిగతాది కూడా విను.

మధ్యాహ్నం నువ్వు నిద్రపోతుంటే ఆ అట్టలు పట్టుకుని మీ ఫ్యాక్టరీకి వెళ్లాను. గేటు దగ్గర కాపలావాడు "ఎవరు కావాలి పెద్దమ్మా" అన్నాడు. వాడికి నేనెప్పుడు పెద్దమ్మనయ్యానో. వాణ్ణి దాటుకునిపోయి మీ మేనేజరు బల్ల మీద అట్టలు పెట్టాను. మావాడు మాత్రలు మింగడం లేదు, గుండె పట్టుకుని మెట్లెక్కుతున్నాడు అని చెప్పాను. డాక్టరు సరేననేదాకా నిన్ను లోపలికి రానివ్వరట. ఫోర్‌మన్ పని ఆ నీ వెనక చేరినవాడికేనట. నా మొహం మీదే చెప్పాడు.

అలా చూడకు. తిడితే తిట్టు, కానీ కూర్చుని తిట్టు. మొహమంతా చెమట.

ఎలాగూ తయారయ్యావు, పద, డాక్టరు దగ్గరికి పోదాం. దారి పొడుగునా నాతో మాట్లాడకు. నేను బాబాయితో ఆయన పోయేదాకా మాట్లాడలేదు, నా తమ్ముడివి, పగ పట్టడం నీకొకరు నేర్పాలా? జన్మంతా మాట్లాడకు.

బతికుండి మాట్లాడకు.