రాసేముందు చదవాలి

కంప్యూటర్ల రిపేరు కొట్టు, సాయంత్రం. బల్లకు ఇవతల ఆమె. అవతల, ఒకప్పుడు దొంగన్న ముద్ర వేసి ఆమెను ఉద్యోగంలోంచి గెంటించిన డైరెక్టరు.

“షట్టర్ కాస్త దించమ్మా, ఎవరైనా చూస్తే...”

“చూస్తే ఏమైంది సార్? కూర్చోండి. ఆ స్టూలు కాదు, దాని కాలు ఊగుతుంది.”

“ఆఫీసు కంప్యూటరు పొద్దుననగా ఇచ్చాను. అయిందా?”

“అయినట్టే. ఇదిగో, క్లిప్పు పెట్టిన చిప్. మీట నొక్కగానే ప్రాసెసర్ మొదట చదివేది ఇందులోని ప్రోగ్రామే. రాయించింది మీరేగా.”

“అవన్నీ ఇప్పుడెందుకు? అప్పట్లో నువ్వు గోల చేసేదానివే, ఎవరైనా చదువుకోగలిగే ప్రోగ్రాం... అది పెట్టెయ్. రేపు తనిఖీకి వస్తున్నారు.”

“అప్పుడేమన్నారు? ‘ఇంటి తాళాలు ఊరందరికీ పంచుతామా?’ అన్నారు. మీటింగులో అందరూ పగలబడి నవ్వారు.”

“ఏదో అన్నాను.”

“తర్వాత జనం వివరాలు బయటికి పోయాయి. ప్రోగ్రాంలో దొంగతలుపు పెట్టింది నేనేనన్నారు. మా అమ్మ పోయేదాకా అడిగింది సార్, ‘నిజంగా నువ్వు కాదు కదూ?’ అని.”

“జరిగిందేదో జరిగిపోయింది.”

“జరగలేదు. మీరు జరిపించారు.”

“ఆఫీసులో ఎవర్నీ నమ్మలేకే నీ దగ్గరికొచ్చాను. మా ఉప్పు తిన్నదానివి...”

“ఉప్పు తిన్నవాళ్లు నీళ్లు తాగక తప్పదంటారు. మీకు దాహంగా లేదూ?”

“వెటకారం ఆపి పని చూడు.”

“మీ డిజిటల్ సంతకం కావాలి. అది లేందే ప్రాసెసర్ కొత్తదాన్ని రానివ్వదు.”

“ఈ పెన్‌డ్రైవ్‌లో ఉంది. జాగ్రత్త.”

“నకలు ఇంకెవరి దగ్గరైనా...”

“మా ఆవిడకే ఇవ్వను! మొదట్నుంచీ నా ఒక్కడి జేబులోనే.”

“చూడకుండా పెట్టేస్తుంటారా సంతకం?”

“అక్షరం అక్షరం చూస్తాను. నన్నేమనుకున్నావు?”

“అదే అనుకున్నాను. ఎక్కింది, చూసుకోండి.”

“హమ్మయ్య. పాతది ఆనవాలు లేకుండా పోయినట్టేగా?”

“ఈ చిప్‌లోంచి పోయింది.”

“అంటే?”

“కొత్తది రాసేముందు పాతది చదివి దాచుకుంటాం సార్. ఈ బల్ల దగ్గర మొదటి పని అదే. మీరెప్పుడూ కూర్చోలేదు కదా, తెలియదు.”

“చెరిపెయ్. ఇప్పుడే, నా కళ్లముందు!”

“ఆ పాతదాంట్లో దొంగతలుపు ఉంది. దాని కింద మీ సంతకమూ ఉంది. ఎవరైనా సరిచూసుకోవచ్చు, నన్ను నమ్మక్కర్లేదు.”

“చెరిపెయ్యమంటున్నానా!”

“ఎక్కడని చెరపను సార్? మధ్యాహ్నమే ఊరందరికీ పంచేశాను.”